అభిప్రాయము, చేవ్రాలు

రచ్చబండ యనఁగానే మనకు రావిచెట్టు నీడయు, నున్నబడిన రాతిపలకయు, దానిపైఁ గూర్చుండి యూరి మంచిచెడ్డలు ముచ్చటించు పెద్దలును జ్ఞప్తికి వత్తురు. పన్ను హెచ్చినదని యొకఁడనును. వర్షము లేకున్నను శిస్తు తప్పలేదని వేఱొకఁడనును. ఫలానావాఁడు కులకట్టుబాటు తప్పెనని యింకొకఁడు గొణుగును. సామాన్యుఁడు దొరతనమును గూర్చియు సంఘమును గూర్చియు తన మనసులోని మాటను పదిమంది యెదుటఁ బెట్టుటయే యిది. దీనికే అభిప్రాయ ప్రకటనమని నేఁడు పెద్దపేరు పెట్టుకొన్నాము. ఈ సాయంకాలము దీని చరిత్రను గూర్చియే మీతో మాటాడఁదలఁచినాను.

రచ్చబండకు వ్రాఁతలో లేని ధర్మ మొకటి కలదు. అచ్చటఁ బలికినవాని మోము అందఱకుఁ గనఁబడును. ఎవనిని గూర్చి పలికెనో వాఁడును ఏ క్షణముననైనను ఆ దారినే రావచ్చును. వచ్చి, “ఏమోయి, ఏమనుచున్నావు?” అని యడుగవచ్చును. కాఁబట్టి నోటికి వచ్చినదెల్ల అనువానికిఁ గూడ నాలుక చివర నొక కళ్లెము ఉండెడిది. మాట అచ్చునకెక్కి యూరు దాఁటిన పిమ్మట దాని వేగము హెచ్చినది. దాని వెంట నడువవలసిన మోము మాత్రము వెనుకఁబడినది. మన తెలుఁగుదేశమున మాటయు మోమును ఎచ్చటఁ గలిసి నడిచినవో, ఎచ్చట విడిపోయినవో నాకుఁ దెలిసినంతవఱకు మనవి చేసెదను. ఇందు నా సొంత తప్పిద మొకటి కలదు. దానిని తుదకుఁ జెప్పెదను.

అచ్చుయంత్రము రాకమునుపును మనవారు ఏలికలను గూర్చి నోరు మూసికొని యుండలేదు. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తీశ్వర శతకమున రాజసేవను ఎంతగా గర్హించెనో మీరెఱుఁగుదురు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఆంధ్రనాయక శతకమున నిందాస్తుతి చేసెను. గోగులపాటి కూర్మనాథకవి, పరసేనలు వచ్చి దేశమును దోఁచుచుండఁగా ఊరకుంటివేమని సింహాచలేశుని శతకముఖముగా నిలదీసెను. నిలదీసినది దేవుని. కాని కాపాడవలసినవారు కాపాడరైరను బాధ యెవరిమీఁదిదో చదువరి గ్రహింపలేకపోఁడు. ఇందు మీరు గమనింపవలసినది, ఆ కవులెవ్వరును తమ పేరు దాఁచుకొనలేదు.

అచ్చుపత్రిక వచ్చిన పిమ్మట తెలుఁగునాట అభిప్రాయ ప్రకటనమునకు బాట వేసినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారిని మొదటఁ జెప్పుకొనవలెను. 1874వ సంవత్సరమున ఆయన వివేకవర్ధని యను పత్రికను స్థాపించెను. అప్పటి కాయన ధవళేశ్వరమున నుపాధ్యాయుఁడు. ధనికుఁడు గాఁడు, అధికారి గాఁడు. నావలె బడిపంతులు. ఆ పత్రికయందు న్యాయస్థానములలోని లంచములను, కన్యాశుల్కమును, బాల్యవివాహములను, వేశ్యాసంపర్కమును ఆయన దూషించెను. స్త్రీలకుఁ జదువు గావలెనని వ్రాసెను. వ్రాసి యూరకుండక ఆ 1874వ సంవత్సరముననే ధవళేశ్వరమున బాలికల పాఠశాలను దెఱచెను.

ఆయనకుఁ బ్రతిపక్షముగా నిలిచినవారును సామాన్యులు గారు. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు మహాపండితులు. ఆంధ్రభాషాసంజీవని యను పత్రికను నడిపినవారు. స్త్రీవిద్య విషయమున ఆ రెండు పత్రికలకును వాదము జరిగెను. వారు హాస్యవర్ధని యనఁగా వీరు హాస్యసంజీవని యనిరి. ఆ వాదములలోఁ బరుషములు లేకపోలేదు. ఎత్తిపొడుపులును గలవు. నేను సంప్రదాయ పాఠశాలలోఁ జదివినవాఁడను గావున కొక్కొండవారి శైలిపై నాకు నేఁటికిని గౌరవము గలదు. స్త్రీవిద్య విషయమున మాత్రము కాలము వీరేశలింగముగారినే గెలిపించినది. మా యూరి బడిలో నేను పాఠము చెప్పిన యాఁడుపిల్లలే దానికి సాక్ష్యము. గెలుపోటముల కంటె ముఖ్యమైన దొకటి యున్నది. ఉత్తరమునకుఁ బ్రత్యుత్తరము వ్రాయువానికి తానెవరితో వాదించుచున్నాఁడో తెలియును. చదువరికి ఇద్దఱి పేర్లును దెలియును. తీర్పు చెప్పుటకుఁ జదువరికి సాధన మున్నది.

అభిప్రాయమునకు వెల యెంతయో కూడ వీరేశలింగముగారి చరిత్రమే చెప్పుచున్నది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన మొదటి వితంతువివాహమును జేయించెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. సంఘము బహిష్కరించెను. వంటవారు మానిరి. నీళ్లు తెచ్చువారును మానిరి. ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికిఁ బోయి నీళ్లు మోసికొని వచ్చిరి. పంతులుగారు కలముతో వ్రాసిన యభిప్రాయమును ఆ యిల్లాలు బిందెతో మోసెనని చెప్పవచ్చును. మన యభిప్రాయముల బరువు మనమొక్కరమే మోయము. ఇంటివారుకూడ మోయుదురు. ఈ మాట మఱచుట తఱచుగాఁ జూచుచున్నాము.

సంఘమును గూర్చిన యభిప్రాయమునకు బహిష్కారము వెలయైనచో దొరతనమును గూర్చిన యభిప్రాయమునకుఁ జెఱసాల వెలయయ్యెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఎం.ఏ. పట్టభద్రులు. రాజమహేంద్రవరమున నుపాధ్యాయ శిక్షణము పొందుచుండిరి. 1907వ సంవత్సరమున బిపినచంద్రపాలుగారు ఆ యూరికి వచ్చి యుపన్యసించిన పిమ్మట విద్యార్థులలోఁ బుట్టిన వందేమాతర సంరంభములో ఆయన కళాశాలనుండి వెడలఁగొట్టఁబడిరి. మఱుసటి యేఁడు బెజవాడనుండి స్వరాజ్య యను పత్రికను నడిపిరి. 1908వ సంవత్సరము మార్చి నెలలో తిరునెల్వేలియందు జనులపైఁ గాల్పులు జరుగఁగా దానిని గర్హించుచు “విపరీతబుద్ధి” యను శీర్షికతో వ్యాసము ప్రకటించిరి. దానిపై రాజద్రోహాభియోగము వచ్చెను. క్రింది న్యాయస్థానము ఆఱు నెలల శిక్ష విధించినది. శిక్ష చాలదని దొరతనమువారు పైకిఁ బోఁగా ఉన్నత న్యాయస్థానము దానిని మూఁడేండ్లకుఁ బెంచినది. వెల్లూరు చెఱసాలలో ఆ యువకుఁడు కఠినశిక్ష ననుభవించెను. పత్రికను అచ్చువేసినవానికిఁ గూడ శిక్ష తప్పలేదు.

అటుపిమ్మట 1910వ సంవత్సరమున వచ్చిన ముద్రణ చట్టము అచ్చుకూటములవారినుండి ధరావతు కోరుటకుఁ జిల్లా యధికారులకు వీలు కల్పించినది. దొరతనమునకు నచ్చని మాట పడినచో ధరావతు పోవును. మఱల తప్పినచో అచ్చుకూటమే పోవును. 1922వ సంవత్సరమున ఆ చట్టము తొలఁగువఱకు ప్రతి సంపాదకుఁడును ఒక కన్ను కాగితముమీఁదను ఒక కన్ను వాకిలిమీఁదను ఉంచి వ్రాయవలసి వచ్చెను.

హరిసర్వోత్తమరావుగారు చెఱనుండి వెలువడి పగ సాధించుటకుఁ బూనుకొనలేదు. గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తమ జీవితము ధారపోసిరి. చదువనేరని జనులకు అభిప్రాయ స్వాతంత్ర్యము అద్దములేని గంధమువంటిదని ఆయన గ్రహించిరి కాఁబోలు. 1914వ సంవత్సరమున అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయముల వారందఱు బెజవాడలో సభ చేసిరి. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువమీఁద పడవలో గ్రంథాలయమును నడిపించిరి. ఈ గ్రంథాలయములలో జరిగిన పని చిత్రమైనది. చదువు వచ్చినవాఁడొకఁడు పత్రికను పైకిఁ జదువును. చుట్టు కూర్చున్నవారు వినుచు, అది సరియనియు కాదనియు అచ్చటనే తర్కింతురు. ఎక్కడనో అచ్చైన యభిప్రాయము ఈ విధముగా మఱల రచ్చబండ యెక్కినది. ఒంటరిగాఁ జదివి ఒంటరిగాఁ గోపించుటకు అందు వీలు లేదు.

అభిప్రాయభేదము ఒడంబడికగా మాఱిన సందర్భ మొకటి చెప్పెదను. 1913వ సంవత్సరమున బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ జరిగెను. తెలుఁగుజిల్లాలకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను కోరిక అప్పటికే పత్రికలలో వాదవివాదములకు ఎక్కినది. సర్కారు జిల్లాలవారు ముందుండి నడుచుచుండఁగా రాయలసీమవారికి సందేహములు గలిగెను. చదువులలోను ఉద్యోగములలోను నీటిలోను తమకు పాలు దక్కునా యని వారడిగిరి. ఆ యడుగుట తప్పు గాదు. ఏండ్లతరబడి ఉభయపక్షములును వ్రాసికొనిరి, ఉపన్యసించిరి, నిష్ఠురములాడిరి. తుదకు 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన చెన్నపురిలో ఒక యింట ఇరువాగులవారును ఎదురెదురుగాఁ గూర్చుండి యొడంబడిక వ్రాసికొనిరి. అదియే శ్రీబాగు ఒడంబడిక. శ్రీబాగు ఎవరి యిల్లు? ఆంధ్రపత్రికాధిపతులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యిల్లు. వాదమునకుఁ దావిచ్చిన పత్రికవాఁడే సంధికిని తన చావడిని ఇచ్చెను. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యగుటకు ఆ యొడంబడికయే ఆధారము. అది పూర్తిగా నెఱవేఱినదా యను వివాదము నేఁటికిని కలదు. ఉండనిండు. ఆ వివాదమునకుఁ గూడ చేవ్రాళ్లతోఁ గూడిన పత్రమొకటి యాధారముగా నున్నది గదా.

ఇంతవఱకుఁ జెప్పినది ఇంగ్లీషువారి యేలుబడిలోని తెలుఁగుసీమ మాట. నైజాము రాష్ట్రమునఁ బరిస్థితి వేఱు. అచ్చట మాటకు ముందు భాషకే అడ్డంకి వచ్చినది. 1921వ సంవత్సరము నవంబరు 12వ తేదీన హైదరాబాదున వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. ఇతర భాషలలో నుపన్యాసములు జరిగెను, సభవారు వినిరి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుఁగులో మాటాడఁబోఁగా సభలోఁ గొందఱు అల్లరిచేసి చప్పట్లు కొట్టి కూర్చుండఁబెట్టిరి. రాష్ట్రమునఁ దెలుఁగువారే అధికసంఖ్యాకులు. ఐనను తమ రాజధానిలో తమ భాషలో తమ యభిప్రాయము చెప్పుకొనుటకుఁ దావు లేకపోయెను. ఆ యవమానము పడినవారు ఏమి చేసిరి? అల్లరికి అల్లరి చేయలేదు. ఆ రాత్రియే కొలఁదిమంది టేకుమాల రంగారావుగారి యింటఁ గూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అదియే పెరిగి పెద్దదై 1930వ సంవత్సరమున జోగిపేటలో నిజామాంధ్రమహాసభగా ప్రథమ సమావేశము జరుపుకొన్నది. దానికి అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు.

ఆ ప్రతాపరెడ్డిగారే 1926వ సంవత్సరమున గోలకొండపత్రికను స్థాపించిరి. నైజాము రాష్ట్రమునఁ గవులు లేరని యొకరు తేలికగా ననిన మాట వారి చెవిఁబడెను. ఇట్టి మాటకు మనమేమి చేయుదుము? పదిమాటలతో బదులు చెప్పి ఊరడిల్లుదుము. వారట్లు చేయలేదు. ఊరూరికి జాబులు వ్రాసి కవుల వివరములు, పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934వ సంవత్సరమున గోలకొండకవుల సంచికను ప్రకటించిరి. అనినవారిని ఇందు నిందింపలేదు. నిందింపవలసిన యక్కఱయే లేకపోయెను. తప్పుడు అభిప్రాయమునకు ఇంతకంటె గౌరవమైన ప్రత్యుత్తరము మన వాఙ్మయమున నాకుఁ గనఁబడలేదు.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. పేరు దాఁచి వ్రాయుట యెల్లప్పుడును తప్పేనా? కాదు. వెట్టిచాకిరి నడుచుచుండిన కాలమున జాగీర్దారును గూర్చియో దేశముఖును గూర్చియో పేరు పెట్టి వ్రాసిన పేదవాఁడు మఱునాఁడు తన గుడిసెలో నుండఁగలఁడను నమ్మకము లేదు. ప్రతాపరెడ్డిగారును పలుమాఱు మాఱుపేర్లతో వ్రాసినవారే. కాని యందు రెండు భేదములు గలవు. మొదటిది, ఆ మాఱుపేరు బలవంతుని యెదుట బలహీనునకు డాలు. బలహీనుని పొడుచుటకు చాటు గాదు. రెండవది, వ్రాసినవాని పేరు లేకున్నను అచ్చొత్తిన సంపాదకుని పేరు ఆ పత్రికమీఁదనే యుండును. పిలిచి యడుగవలసినచో అడుగుటకు ఒక మనుష్యుఁడున్నాఁడు. అనఁగా ఒకరి మోము చాటునకుఁ బోయినచో మఱియొకరు తమ మోము చూపిరి.

అట్లు చూపినవారిలో నొకరిని దలఁచుకొనక ఈ ప్రసంగమును సాగింపలేను. ఆయన తెలుఁగు పత్రికవారు గారు. ఉర్దూ పత్రికవారు. షోయబుల్లాఖానుగారు హైదరాబాదున ఇమ్రోజు అను దినపత్రికకు సంపాదకులు. హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ జేరవలెనని ఆయన యభిప్రాయము. రజాకార్ల దౌర్జన్యములను ఖండించుచు ఆయన బాహాటముగా వ్రాసెను. బెదరింపులు వచ్చెను. ఆయన మానలేదు. 1948వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి యింటికిఁ బోవుచుండఁగా దుండగులు ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నఱికిరి. ఆయన మరణించెను. అప్పటి కాయనకు ముప్పదియేండ్లు నిండలేదు. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17వ తేదీన, సంస్థానము భారత సైన్యమునకు లొంగిపోయెను. తన యభిప్రాయము నిజమగుటను జూచుటకు ఆయన లేఁడు. తన మతమువాఁడేయైనను, ఆ దొరతనమును కాదనుటకు ఆయన వెనుదీయలేదు. నేను ఈ కథ చెప్పినప్పుడెల్ల తరగతిలోని పిల్లలు తమ కుడిచేతిని ఒకసారి చూచుకొనెడివారు.

1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. దాని 19వ అధికరణము ప్రతి పౌరునకును వాక్స్వాతంత్ర్యమును, భావప్రకటన స్వాతంత్ర్యమును ఇచ్చినది. పరువునష్టము మొదలగు కొన్ని హద్దులను గూడ పెట్టినది. గాడిచర్లవారి చెఱయు షోయబుల్లాఖానుగారి చేయియు అట్టి స్వాతంత్ర్యమునకుఁ జెల్లిన వెలలోనివే. వారు చెల్లించిరి, మనము అనుభవించుచున్నాము. తండ్రి కొన్న పొలమును కొడుకు ఎట్లు దున్నుచున్నాఁడను ప్రశ్న వచ్చును గదా. ఆ ప్రశ్నకు జవాబుగా నా కథ చెప్పెదను.

నేను భాషాప్రవీణ పరీక్షయం దుత్తీర్ణుఁడనై క్రొత్తగాఁ దెలుఁగు పండితుఁడనుగా ఒక పల్లెకుఁ బోయితిని. ఇది 1980వ దశకమునాఁటి మాట. ఆ యూరి చెఱువుతూము చెడి నీరు వృథాగాఁ బోవుచుండెను. మరమ్మతునకు ధనము మంజూరైనదని వినికిడి. పని మాత్రము సగములో నిలిచెను. పంచాయతీ గుమాస్తా సొమ్ము తినెనని నలుగురనిరి. నేను విచారింపలేదు. నలుగురనిన మాట గదా యని నమ్మితిని. నాకు భాష చేతిలో నున్నది, వయస్సును ఉడుకుగా నున్నది. ఆ రాత్రియే ఒక పత్రికకు లేఖ వ్రాసితిని. ఉపమానములును ఎత్తిపొడుపులును జక్కఁగాఁ గుదిరెను. క్రింద “సత్యవాది” యని వ్రాసితిని. పదిదినములలో అది అచ్చైనది. ఊరిలో నలువురు చదివి మెచ్చుకొనుచుండఁగా నేను వినుచు లోలోపల మురిసితిని.

మూఁడవనాఁడు మాపటివేళ ఆ గుమాస్తాయే మా యింటికి వచ్చెను. నా గుండె ఝల్లుమనెను. ఆయన చేతిలో ఆ పత్రికయు ఒక కాగితముల కట్టయు నుండెను. అరుగుమీఁద గూర్చుండి, “పంతులుగారూ, పేరు లేనివాడికి నేను జవాబెట్లా చెప్పేది? నాకు రాయడం చేతకాదు. మీరే నాలుగు ముక్కలు రాసిపెట్టండి” అనెను.

కాగితములు చూచితిని. మంజూరైన దానిలో మొదటి వాయిదా మాత్రమే వచ్చినది. దానికి సిమెంటును రాయియుఁ గొన్న రసీదులున్నవి. కూలివారి డబ్బు ఆఁగరాదని ఆయన తన చేతినుండి యిచ్చినాఁడు. ఆ పద్దును ఉన్నది. రెండవ వాయిదా పైకార్యాలయముననే యున్నది. లాంతరు వెలుఁగులో నేను ఆ లెక్కలన్నియుఁ జూచితిని. చూచి, ఆ లేఖ నాదేయని చెప్పవలసిన క్షణమున నోరు పెగలక, కలము దీసి ఆయన పక్షమున ప్రత్యుత్తరము వ్రాసితిని. అదియుఁ జక్కఁగానే కుదిరెను. క్రింద ఆయన తన పూర్తిపేరు చేవ్రాలు చేసెను. వంకరటింకరగా నున్న ఆ చేవ్రాలును నేఁటికిని మఱవలేకున్నాను.

నా లేఖ మొదటిపుటల యందు వచ్చినది. ఆయన ప్రత్యుత్తరము మూఁడువారములకు కడపటి పుట మూలను చిన్న యక్షరములలో వచ్చినది. ఆ మూఁడువారములు ఆయన రచ్చబండకు రాలేదు. ఇంటికిఁ బోవుటకు నడివీథి విడిచి చెఱువుకట్టమీఁదుగాఁ జుట్టు తిరిగి పోవుచుండెను. ప్రత్యుత్తరము వచ్చిన పిమ్మటను ఆ యలవాటు మాఱలేదు. అబద్ధము గుఱ్ఱమెక్కి పోయినది, నిజము కాలినడకను వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆయన గతించెనని విని పరామర్శకుఁ బోయితిని. కుమారుఁడు ఒక రేకుపెట్టె దెచ్చి తెఱచెను. అందు ఆ ప్రత్యుత్తరపుఁ గత్తిరింపు జాగ్రత్తగా మడిచి పెట్టఁబడి యున్నది. “ఇది మీరు రాసిచ్చిందేనటగా మాస్టారూ. నాన్న పోయేదాకా మీ పేరు చెప్పుకొన్నాడు” అని ఆ కుమారుఁడు నా చేతులు పట్టుకొనెను. నేను వ్రాసిన రెండు లేఖలలో ఆ కుటుంబము ఒకదానినే యెఱుఁగును. ఆ దినమునను నేను నోరు విప్పలేదు.

ఆర్యులారా, చెఱువుతూమును గూర్చి ప్రశ్నించుట తప్పని నేను చెప్పుటలేదు. ఊరి సొమ్మును గూర్చి అడుగుట ప్రతివాని హక్కు. నోరు మూసికొని కూర్చుండుటయు ధర్మము గాదు. మనవారు తరతరములు నోరు మూసికొనుటచేతనే వెట్టి అన్నాళ్లు నిలిచినది. నేను పంచాయతీ కార్యాలయమునకుఁ బోయి, “అయ్యా, లెక్క చూపుము” అని నలుగురి యెదుట అడిగియుండవలెను. అది అభిప్రాయ స్వాతంత్ర్యము. నేను చేసినది చీఁకటిలో రాయి విసరుట. సత్యవాది యని పేరు పెట్టుకొని సత్యమును విచారింపనైతిని. నా యెదుట నున్నది దొరతనము గాదు, జాగీర్దారు గాఁడు. రెండు వాక్యములు వ్రాయనేరని గుమాస్తా. నాకు డాలు అక్కఱలేదు. చాటు మాత్రము గావలసివచ్చెను.

మా కాలమున మాట అచ్చగుటకుఁ బదిదినములు పట్టెడిది. ఆ పదిదినములలోఁ బశ్చాత్తాపపడుటకైనను అవకాశముండెడిది. ఈ దినములలో తలఁపు పుట్టిన మఱుక్షణమున మాట దేశమంతటను బోవుచున్నది. దానిని చదివినవాఁడు పదుగురికిఁ బంపుచున్నాఁడు. తిలాపాపము తలా పిడికెడు అని సామెత. వ్రాసినవానికే గాదు, విచారింపక చేరవేసినవానికిని ఆ పిడికెడు తప్పదు. గ్రామపెద్దలైన మీరు దీనికిఁ జేయఁదగిన పని యొకటి కలదు. ఎవరైనను మీ యెదుట ఒకరిని గూర్చి వ్రాసినదానిని చదివి వినిపించినప్పుడు, “ఇది వ్రాసినదెవరు? వాఁడు చూచినాఁడా? అవతలివాఁడేమనుచున్నాఁడు?” అని యడుగుఁడు. జవాబు లేనిచో, జవాబు వచ్చుదాఁక ఆ మాట రచ్చబండ దాఁటిపోకుండ నిలుపుఁడు. నోరు మంచిదైన నూరు మంచిది.

ఈ ప్రసంగమునకు మునుపు నేను ఆ కుమారునికి జాబు వ్రాసితిని. మొదటి లేఖయు నాదేయని చెప్పితిని. అతఁడు నన్ను క్షమించునో, నేను వ్రాసిచ్చిన కత్తిరింపును చించివేయునో నాకుఁ దెలియదు. ఏదైనను అతనిష్టము. జాబు క్రింద మాత్రము, నలువది యేండ్ల క్రిందట వ్రాయవలసిన చోట వ్రాయనిదానిని, నా పూర్తిపేరును వ్రాసితిని.